మూతపడని జర్మనీ గొడుగు

వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై అయిదు మే నెలలో జర్మనీ దేశం ఆయుధాలు కింద పెట్టిందన్న వార్త చిత్తూరుకు చేరినప్పుడు ఊరి పెద్దలు దాని పర్యవసానాల గురించి గంభీరంగా ఆలోచించారు. కిరసనాయిలు మళ్ళీ దొరుకుతుందా, రేషను ఎత్తేస్తారా అన్నవి చిల్లర ప్రశ్నలు. వాటి సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. చరిత్రకారులు ఇప్పటిదాకా పట్టించుకోని అసలు ప్రశ్నను సంతపేట కాఫీ హోటల్లో కలప అడితి చెంగల్రాయుడు అడిగాడు.

“అయితే పరంధామయ్య ఇంక గొడుగు ముడుస్తాడా?”

హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ప్రపంచ యుద్ధం వల్ల చిత్తూరు పడ్డ ఇబ్బందులలో ఆ గొడుగుకు ఉన్న స్థానం అటువంటిది.

పరంధామయ్య టీకాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పొడుగు, సన్నం, మెడకు ఎప్పుడూ ఒక కండువా, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు తెరిచే ఉంటుంది. వానలో గొడుగు తెరవడంలో వింత లేదు. ఎండలో తెరవడంలో వివేకం ఉంది. ఇంట్లోకి వచ్చి, చాప మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, కుశల ప్రశ్నలన్నీ అయ్యేదాకా నెత్తి మీద గొడుగు పట్టుకుని ఉండటంలో ఏముందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు.

“జర్మనీ సరుకప్పా. లోపల స్ప్రింగు పట్టేసింది. ఆ స్ప్రింగు ఈ దేశంలో దొరకదు. యుద్ధం అయిపోతే తెప్పించాల.”

కాణిపాకం బస్సులో కండక్టరు ఒకసారి ఆ గొడుగుకు కూడా టిక్కెట్టు తీసుకోమన్నాడు. పరంధామయ్య మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. ఆ తర్వాత దార్లో ఎక్కిన ఒక లావుపాటి పెద్దమనిషి పక్క సీట్లో కూర్చోబోతే, ఇది టిక్కెట్టున్న గొడుగు సీటని మర్యాదగా చెప్పి, టిక్కెట్టు కూడా చూపించాడు. మంగలి పరంధామయ్యకు గడ్డం గీసేటప్పుడు తాను కూడా వంగి గొడుగు కిందికి దూరేవాడు. నగరిలో ఒక చేనేతవారి పెళ్ళికి పోయి ఫోటోకు నిలబడితే, అచ్చు వేసి తెచ్చిన ఫోటోలో పెళ్ళికొడుకు ఉండవలసిన చోట గుండ్రటి నలుపు తప్ప ఏమీ లేదు. పెళ్ళికూతురు గ్రహణాన్ని పెళ్ళాడినట్టు పక్కన నిలబడి నవ్వుతూ ఉంది. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళింట్లో గోడకు వేలాడుతోందని వినికిడి.

ఈ గొడుగు వల్ల ఊళ్ళో అందరికన్నా ఎక్కువ బాధపడిన మనిషి మునిరామయ్య.

మునిరామయ్య రిజిస్ట్రారాఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి దిగినవాడు. తెరిచినదల్లా మూయాలన్నది ఆయన జీవిత సిద్ధాంతం. తలుపు తెరిస్తే మూయాలి. సీసా తెరిస్తే బిరడా పెట్టాలి. నోరు తెరిస్తే పని కాగానే మూయాలి. సర్వీసంతా ఇతరుల మాటలకు ముద్ర వేసిన మనిషి కాబట్టి, తాను నిజం కాని మాట ఒక్కటి కూడా పలకలేదని ఆయనకు గొప్ప. ఊరు కూడా ఒప్పుకుంది. మునిరామయ్య అన్నాడంటే ఇంక సాక్షి అక్కర్లేదనేవారు. ఆ పేరు ఆయన నెత్తిన కిరీటంలా ఉండేది. కొంచెం బరువుగానూ ఉండేది.

యుద్ధం నడుమ ఒక ఏడు ముసురు పట్టి, నీవా నది ఒడ్డున బీదవాళ్ళ ఇళ్ళ కప్పులు వరుసగా దిగబడినప్పుడు, ఊరివాళ్ళు కొందరు కలిసి ఇంటికప్పుల సహాయ సంఘం పెట్టారు. చెంగల్రాయుడు అడితి నుంచి దూలాలు, వాసాలు ఇస్తాడు. పెంకుల బట్టీవాళ్ళు పెంకులిస్తారు. ఆదివారం పూట నలుగురూ వచ్చి చేతనైన సాయం పడతారు. కప్పులెక్కే అసలు పని వడ్రంగి ఎల్లప్పది. మునిరామయ్య కార్యదర్శి. నిబంధనలు ఆయనే రాశాడు. అందులో రెండింటిని గురించి ఆయనకు ప్రత్యేకమైన మురిపెం. మొదటిది, సంఘం సాయం నోరు తెరిచి అడిగినవారికే గాని అడగనివారికి లేదు. రెండోది, సంఘం మనుషుల వల్ల ఎవరి ఇంటికైనా నష్టం జరిగితే సంఘమే పూర్తిగా బాగుచేసి ఇవ్వాలి. ఎల్లప్ప ఒక ఇంటి కప్పు మీదికి ఎక్కేటప్పుడు పక్కింటి పెంకులు తొక్కుతాడేమోనన్న ముందుచూపుతో రాసిన నిబంధన అది. అది ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఇళ్ళు తిరిగి చూసివచ్చే పనికి పరంధామయ్యను పెట్టింది కూడా మునిరామయ్యే. టీకాల ఇన్‌స్పెక్టరు పోని ఇల్లు జిల్లాలో లేదు. ఆయన్ను చూసి తలుపు వేసుకోని ఇల్లూ లేదు. వద్దన్నవాళ్ళ ఇంట్లోకి పోవడం, నొప్పి పెట్టి మేలు చేయడం, తిట్లు తిని నవ్వుతూ బయటికి రావడం ఆయనకు ప్రభుత్వం జీతమిచ్చి నేర్పిన విద్యలు. ఆయన ఆ పనికి ఒప్పుకున్న వారమే గొడుగు స్ప్రింగు కూడా పట్టేసింది. దురదృష్టాలు అలాగే జంటగా వస్తాయని అందరూ జాలిపడ్డారు.

బీదవాళ్ళ ఇళ్ళ చూరు కిందికి ఉంటుంది. మామూలు మనిషే నడుం వంచి పోవాలి. తెరిచిన గొడుగుతో పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మిట్టూరులో గంగులమ్మ ఇంట్లోకి పోయినప్పుడు గొడుగు తగిలి బోదగడ్డి కప్పు ఒక పక్క జారిపోయింది. ఆయిషా బీ ఇంట్లో పెంకులు రాలాయి. ఎక్కడికి పోతే అక్కడ ఏదో ఒకటి విరగడం, పరంధామయ్య తప్పైపోయిందని చేతులు జోడించడం, మర్నాడు ఎల్లప్ప నిచ్చెన మోసుకుని రావడం మామూలైంది. నిబంధన ప్రకారం నష్టం పూర్తిగా తీర్చాలి కాబట్టి, రాలిన నాలుగు పెంకులు కప్పి వచ్చేయడానికి లేదు. ఎల్లప్ప పైకెక్కి చూస్తే పక్క వాసం పుచ్చి ఉండేది. దాన్ని మారుస్తుంటే దూలం ఊగేది. చివరికి ఇంటి కప్పంతా కొత్తది పడేది.

ఎవరి పక్షమూ వహించకుండా చెప్పాలంటే, గొడుగు ఉన్నవాళ్ళ ఇళ్ళను కూడా వదల్లేదు. సాక్షాత్తు మునిరామయ్య మిద్దె ఇంట్లో, హాల్లో వేలాడే బెల్జియం గాజు దీపం బుడ్డి దాని వల్లే పగిలింది. ఆయన భార్య శకుంతలమ్మ గాజు ముక్కలు ఊడుస్తూ, ఆ గొడుగు ఈసారి గడప దాటితే పొయ్యిలో పెడతానని ప్రతిజ్ఞ చేసింది.

మునిరామయ్య ఒకరోజు పరంధామయ్యను నిలదీశాడు.

“ఆయిషా బీ ఇంట్లో మళ్ళా పెంకులు పగలగొట్టినావంట?”

“నేను యాడ పగలగొట్టినానప్పా? గొడుగు తగిలింది.”

“ముడిచి లోపలికి పోరాదా?”

“ముడుసుకుంటే పోనా? జర్మనీ స్ప్రింగు.”

“అయితే బయట పెట్టి పో.”

పరంధామయ్య ఆ సలహాను గౌరవంగా పరిశీలించాడు. “బయట పెడితే గాలికి యెగిరిపోయి యెవురి కంట్లోనో గుచ్చుకుంటాది. కన్నంటే సంఘం యేం బాగుచేస్తాదప్పా? కప్పయితే నయం.”

మునిరామయ్య నోరు తెరిచాడు, సిద్ధాంతం ప్రకారం మూశాడు.

అందుకే జర్మనీ ఓడిపోయిందనగానే పత్రిక చేతపట్టుకుని ఆయనే స్వయంగా పరంధామయ్య ఇంటికి పోయాడు. పరంధామయ్య వార్త మొత్తం చదివించుకుని, గొడుగు కింద కళ్ళు మూసుకుని ఆలోచించి, నిట్టూర్చాడు.

“జర్మనీని నలుగురు పంచుకున్నారంట గదప్పా. నా స్ప్రింగు యెవురి వాటాకు పోయిందో తేలాల. అందాకా ఓపిక పట్టాల.”

ఆ వాటాలు తేలక ముందే వానాకాలం వచ్చింది. వానాకాలంతో పాటు చంద్రకాంతమ్మ ఇంటి సమస్య కూడా వచ్చింది.

చంద్రకాంతమ్మ భర్త కార్వేటినగరం సంస్థానంలో జలతరంగం వాయించిన విద్వాంసుడు. సంస్థానం రోజులు పోయాక చిత్తూరు చేరి, చిన్న పెంకుటిల్లు కట్టుకున్నాడు. చిన్నదైనా వాకిలి మాత్రం ఎత్తుగా పెట్టించాడు. తన ఇంటికి వచ్చే మనిషి గడప దాటేటప్పుడు తల వంచకూడదని ఆయన పట్టుదల. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ఆయన పింగాణీ గిన్నెలు ఉన్నాయి. పట్టుదల కూడా ఎక్కడికీ పోలేదు.

వీధిలోంచి ఆ ఇంటి కప్పును, వాకిట్లోంచి లోపలిని తొంగి చూసిన ఎల్లప్ప, మునిరామయ్యతో రహస్యంగా ఒక మాట చెప్పాడు. వెనక వసారా నుంచి ఇంటి నడుమ దాకా పోయే దూలమే కప్పునంతా మోస్తోందట. అది చెదలు తిని డొల్లయిపోయింది. ముసురుకు ఎట్లాగో నిలుస్తుంది గాని తుపాను పడితే నిలవదు. ఆ ముసలామె మంచం సరిగ్గా దాని కిందే ఉంది.

మునిరామయ్య వెంటనే పోయాడు. బయట చినుకులు పడుతున్నాయి. లోపల చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుని రాజమాతలా కూర్చుని ఉంది. ఆమె చుట్టూ పింగాణీ గిన్నెలు పరిచి ఉన్నాయి. ప్రతి గిన్నెలోనూ పైనుంచి చినుకు పడుతోంది. ఒక్కో గిన్నె ఒక్కో రకంగా మోగుతోంది.

ఇల్లు కారుతోందే అని ఆయన మెల్లిగా కదిపాడు. కారడమేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. తాను జలతరంగం సాధన చేస్తోందట, ఆయన మధ్యలో వచ్చాడట.

“వాయించే పుల్లలు కనపడలేదేమ్మా?”

“వాయించేవాడు పైన ఉండాడు. మీరు కూసోండి, వినండి.”

మునిరామయ్య కూర్చుని విన్నాడు. మోహన రాగమో కాదో చెప్పేంత జ్ఞానం ఆయనకు లేదు. సంఘం సంగతి ఎత్తాడు. ఒక్క మాట అడిగితే చాలని, ఆ మాట కూడా పెద్దగా అనక్కర్లేదని, తల ఊపినా అడిగినట్టే రాసుకుంటానని తన నిబంధనను వీలైనంత వంచాడు. ఆమె తల నిట్టనిలువుగా ఉంచింది.

“మా ఆయన రాజుగారిని కూడా ఏదీ అడగలేదు మునిరామయ్యా. ఆయనే పిలిచి ఇచ్చినారు. ఇప్పుడు నేను పెంకులు అడిగేదా?”

ఆయన తల వంచకుండానే ఆ వాకిలి దాటి బయటికి వచ్చాడు. వాకిలి ఎత్తు అటువంటిది. మనసు మాత్రం వంగిపోయింది. నిబంధన రాసింది తానే. అడగనివారికి లేదు. కార్తీకం తుపానులు నిబంధనలు చదివి రావు.

ఇంతలో పరంధామయ్య చంద్రకాంతమ్మ ఇల్లు తనిఖీకి పోతానన్నాడు. డొల్ల దూలం, తెరిచిన గొడుగు. ఈ రెండూ ఒక కప్పు కింద చేరకూడదు. వద్దంటే వినడు కాబట్టి మునిరామయ్య తానూ వెంట బయలుదేరాడు. దారిలో గట్టిగానే చెప్పాడు, అక్కడ ఒక్క పెంకు రాలినా రాబోయే సంఘం సమావేశంలో నీ మీద తీర్మానం పెట్టి తీసేయిస్తానని. చెంగల్రాయుడైతే ఎప్పటినుంచో అదే అంటున్నాడు. బీదల కప్పులు బాగుచేయడానికి దూలాలిస్తే, ముందు పగలగొట్టి తర్వాత బాగుచేసే సంఘం దక్షిణ దేశంలో ఇదొక్కటేనని అతని మాట. పరంధామయ్య అన్నింటికీ తల ఊపాడు. ఆయనతో పాటు గొడుగు కూడా ఊగింది.

చంద్రకాంతమ్మ వాకిట్లో పరంధామయ్య ఆగాడు. పైకి చూశాడు. నిబ్బరంగా లోపలికి అడుగు వేశాడు.

ఏమీ తగల్లేదు.

ఆయన ముఖం చూడవలసిందే. ఎన్ని ఇళ్ళు తిరిగినా ఇటువంటి అవమానం ఎన్నడూ జరగలేదు. విద్వాంసుడి వాకిలి గొడుగును కూడా తల వంచనివ్వకుండా లోపలికి పంపింది. పరంధామయ్య ఈ పక్కకు జరిగాడు, తగల్లేదు. ఆ పక్కకు జరిగాడు, తగల్లేదు. ఇల్లు భలే ఎత్తుగా ఉందని మెచ్చుకుంటూ మునివేళ్ళ మీద లేచాడు. వెనక్కి తిరిగి మునిరామయ్యతో ఏదో చెప్పబోతున్నట్టు గొడుగును గిరుక్కున తిప్పాడు. ఒక్క పెంకు కూడా సహకరించలేదు. మునిరామయ్య మాత్రం దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు.

చంద్రకాంతమ్మ గోడకు ఆనుకునే ఇదంతా చూస్తోంది. గొడుగు మీద చినుకులు టపటపమంటున్నాయి.

“కొంచెం జరగండప్పా,” అంది. “మీ గొడుగు అడ్డం పడి నా గిన్నెల్లో నీళ్ళు పడ్డంలేదు. తాళం పోతాంది.”

పరంధామయ్య జరిగాడు. గొడుగు దించి నిలబడ్డాడు. ఓడిపోయిన సైన్యాధిపతి అలాగే నిలబడతాడు. అప్పుడు ఆమె, పైట సర్దుకుంటూ, ఎవరినీ చూడకుండా అంది.

“మీరు వెనక వసారాలోకి మాత్రం పోవద్దు.”

“యేమ్మా?”

“ఆడ చూరు శానా కిందికి ఉండాది. గొడుగు తగుల్తాది.”

పరంధామయ్య గొడుగు మెల్లిగా పైకి లేచింది. “తగుల్తాదా అమ్మా?”

“తప్పకుండా తగుల్తాది. అందులోనూ ఎడమ పక్క, దూలం మొన కాడ. ఆడికి మాత్రం పోనే పోవద్దు.”

మునిరామయ్య అడ్డం పోయేలోపల పరంధామయ్య వసారాలో ఉన్నాడు. ఎడమ పక్క, దూలం మొన దగ్గర ఉన్నాడు. ఆ తర్వాత వినపడిన చప్పుడుకు వీధిలో ఎద్దులబండి ఆగిపోయింది.

దుమ్ము అణిగేసరికి వసారా కప్పు సగం నేల మీద ఉంది. దూలం మొన విరిగి, లోపల చెదలు కట్టిన మట్టి సన్నగా కారుతోంది. మిగతా దూలం గోడ మీదే ఆనుకుని నిలిచింది. ఆ శిథిలాల నడుమ పరంధామయ్య తన గొడుగు కింద చెక్కుచెదరకుండా ఉన్నాడు. గొడుగు మీద పెంకు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి.

“తప్పైపోయిందమ్మా,” అన్నాడు.

చంద్రకాంతమ్మ లేచి వచ్చింది. ఆమె అంత తేలిగ్గా లేవడం మునిరామయ్య అంతకుముందు చూడలేదు. విరిగిన మొనను చూసింది. పెంకులను చూసింది. ఆ తర్వాత మునిరామయ్య వైపు తిరిగి గొంతు సవరించుకుంది.

“చూసినారా? మీ సంఘం మనిషి నా కొంప కూల్చినాడు. దీన్ని నేను ఊరికే వదిలేది లేదు. మీ మనిషి పాడుచేస్తే మీరే పూర్తిగా బాగుచేయాలని రాసుకున్నారంట గదా?”

“మీకెవురు చెప్పినారమ్మా?”

“ఊరంతా చెప్పుకుంటా ఉంటే నా చెవుల్లో పడదా? దూలంతో సహా మార్చాల. నేను అడగడంలేదు, తెలుసుకోండి. నష్టం రాబట్టుకుంటా ఉండాను. రెండింటికీ తేడా ఉండాది.”

తేడా ఉందని మునిరామయ్య ఒప్పుకున్నాడు. రేపే పని మొదలుపెడతామని పరంధామయ్య అన్నాడు. రేపు మంగళవారం, మంగళవారం నా ఇంట్లో దూలం ఎత్తనివ్వను, ఎల్లుండి పొద్దున్నే రండి, ఆలస్యం చేస్తే మర్యాదగా ఉండదని ఆమె హెచ్చరించింది. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. పరంధామయ్యకు రెండో గ్లాసు కూడా ఇచ్చింది, తిడుతూనే.

ఎల్లప్ప వచ్చి పాత దూలం దించాడు. చెంగల్రాయుడి అడితి నుంచి వచ్చిన కొత్త దూలం ఎక్కించాడు. పని జరిగినన్ని రోజులూ చంద్రకాంతమ్మ వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, వాసం వంకరగా ఉందని, పెంకులు ఒత్తుగా పడలేదని, నష్టపోయింది తానే కాబట్టి అడిగే హక్కు తనకుందని పనివాళ్ళను నిలబెట్టి దులిపేసింది. ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఆ గొంతులో జలతరంగం కన్నా ఎక్కువ స్వరాలున్నాయని ఎల్లప్ప అన్నాడు.

తుపాను కార్తీకంలోనే వచ్చింది. పగలంతా గాలి, వాన. గాలి తగ్గీ తగ్గకముందే మునిరామయ్య తడుస్తూ పోయి ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. కప్పు నిలిచి ఉంది. లోపలినుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. మళ్ళీ కారుతోందా అనుకున్నాడు. తొంగి చూస్తే చంద్రకాంతమ్మ పుల్లలు పట్టుకుని వాయిస్తోంది. నేలంతా పొడిగా ఉంది. మంచం ఎప్పటి చోటే ఉంది. ఆయన్ను చూసి ఆమె ఫిర్యాదు చేసింది.

“ఇప్పుడు గిన్నెల్లో నీళ్ళు నేనే పోసుకోవాల్సి వస్తాంది. అంతా మీ పరంధామయ్య చేసిన పని.”

ఆ తర్వాత వారం మునిరామయ్య, పరంధామయ్య కలిసి బజారు వీధిలో నడుస్తున్నారు. ఎదురుగా సంతోషమ్మ వస్తోంది. పోయినేడు నిబంధన ప్రకారం అడిగి, అర్జీ మీద వేలిముద్ర వేసి, కప్పు వేయించుకున్న మనిషి. మునిరామయ్యను చూడగానే ఆమె తల దించుకుని పక్క సందులోకి తిరిగింది. ఆమె ఎప్పుడూ అంతే చేసేది. అడిగి తీసుకున్నవాళ్ళందరూ అంతే చేసేవారు. అది గౌరవమని మునిరామయ్య ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

నాలుగడుగులు పోయాక ఆయిషా బీ నడివీధిలో అడ్డం నిలబడింది. మునిరామయ్యకు కాదు, పరంధామయ్యకు.

“అగో, వచ్చినాడు. నా పెంకులు పగలగొట్టిన మహానుభావుడు. యేమయ్యా, ఆ దిక్కుమాలిన గొడుగు ఇంకా ముడవలేదా? మళ్ళా యెవురి కొంపకు బయలుదేరినావు?”

పరంధామయ్య చేతులు జోడించాడు. ఆమె ఇంకా కొంచెం తిట్టింది. అంగళ్ళవాళ్ళు నవ్వారు, ఆమె తల ఎత్తుకుని వాళ్ళతో పాటు నవ్వింది. చివరికి గంపలోంచి సీతాఫలాలు తీసి, తిని చావమని ఆయన కండువాలో పోసి, రాణిలా వెళ్ళిపోయింది. గంగులమ్మ కూడా దూరాన్నుంచే కేకేసి తన వంతు తిట్టింది. ఆ వీధిలో పరంధామయ్యకు క్షమాపణ చెప్పుకోవలసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆయన్ను చూసి సందులోకి తప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మునిరామయ్య సీతాఫలం ఒకటి తీసుకుని, చాలా సేపు తినకుండా నడిచాడు.

సంఘం సమావేశం రానే వచ్చింది. చెంగల్రాయుడు లేచి గట్టిగా మాట్లాడాడు. దూలాలు ఇవ్వడానికి తనకు బాధ లేదని, యుద్ధం పేరు చెప్పి గొడుగు తెరిచి పట్టుకుంటే ఓపిక పట్టామని, ఇప్పుడు యుద్ధం ఎటూ ముగిసిందని, గొడుగన్నా ముడవాలి, పరంధామయ్యన్నా సంఘం విడవాలని తీర్మానం పెట్టాడు. బజారులో గొడుగులు బాగుచేసే సుల్తాన్ ఉన్నాడు. వేలూరు నుంచి కూడా అతని దగ్గరికి గొడుగులు వస్తాయి. కార్యదర్శి స్వయంగా దాన్ని సుల్తాన్‌కు చూపించి, ఏ సంగతీ ఆదివారానికల్లా సంఘానికి చెప్పాలని అందరూ తీర్మానించారు. మునిరామయ్య చెబితే ఇంక సాక్షి అక్కర్లేదు.

పరంధామయ్య గొడుగును మునిరామయ్య చేతికిచ్చాడు. గొడుగు లేని పరంధామయ్యను ఎవరూ చూసి ఉండలేదు. మనిషి ఉన్నట్టుండి పొట్టివాడైనట్టు, పక్కింటివాడెవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

“జాగ్రత్తప్పా,” అన్నాడు. “జర్మనీది.”

“తెలుసు,” అన్నాడు మునిరామయ్య.

తెరిచిన గొడుగుతో ఆయన బజారు దాకా నడవవలసి వచ్చింది. నిర్మలమైన ఆకాశం కింద, ఊరంతా చూస్తుండగా, సబ్ రిజిస్ట్రారుకు కూడా నమస్కారం పెట్టుకుంటూ పోయాడు. శకుంతలమ్మ మిద్దె మీదినుంచి చూసి లోపలికి వెళ్ళిపోయిందట.

ఆదివారం అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. మునిరామయ్య గొడుగుతో లోపలికి వచ్చాడు. అది తెరిచే ఉంది. వాకిలికి తగిలి కొంచెం పెచ్చు కూడా రాలింది. ఆయన దాన్ని పరంధామయ్యకు అందించి, గొంతు సవరించుకుని, రిజిస్ట్రారాఫీసు గొంతుతో చెప్పాడు.

“సుల్తాన్‌కు చూపించినాను. ఇది ఇంక ముడుసుకునేది కాదు.”

చెంగల్రాయుడు నమ్మలేకపోయాడు. కానీ చెప్పింది మునిరామయ్య. “సుల్తాన్ చేత కూడా కాలేదా? యెందుకని?”

“జర్మనీ సరుకు,” అన్నాడు మునిరామయ్య.

గొడుగు నీడలోంచి పరంధామయ్య ఆయన్ను కాసేపు చూశాడు. మునిరామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

“నేను ముందే చెప్పినా గదప్పా,” అన్నాడు పరంధామయ్య.

ఇంక చేసేదేమీ లేదని సంఘం ఒప్పుకుంది. తీర్మానం వీగిపోయింది. చెంగల్రాయుడు ఇంకో బండెడు వాసాలు పంపుతానని గొణిగాడు. జర్మనీ దేశపు పనితనం గురించి ఆ రోజు చాలామంది మెచ్చుకుని మాట్లాడారు.

సుల్తాన్ అంగట్లో జరిగింది చెప్పుకోదగ్గ విషయం కాదు. అతను గొడుగు అందుకుని, కాడ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. గొడుగు ముడుచుకుంది.